నేల మీద పరిచిన ఫొటోలు

ఏటా ఆగస్టు 19న మా విజయవాడలోనూ గుంటూరులోనూ ఫొటోగ్రాఫర్లు మధ్యాహ్నం దాకా స్టూడియోలు మూసి, లూయీ డాగురే పటానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆసుపత్రిలో రోగులకు పండ్లూ రొట్టెలూ పంచి, మెడలో కెమెరాలతో ఊరేగింపు తీస్తారు. 1839లో ఆ రోజునే ఫ్రెంచి ప్రభుత్వం డాగురే కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించింది గనుక అది మాకు ఆయుధపూజ వంటి పండుగ. ఆ ఫ్రెంచి పెద్దమనిషి నుదుట కుంకుమ బొట్టు చూసి నవ్వేవాళ్ళున్నారు గానీ నాకు ఆ బొట్టంటే ఇష్టమే. ఈ ఏడాది పూజ ముగిశాక, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు నన్ను పక్కకు పిలిచి, “మామయ్యా, ఫొటోగ్రఫీ చదువుకోవాలంటే ఎక్కడ చదవాలి?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా బావగారు అందుకుని, “చదివేదేముందిరా, మనకు స్టూడియో ఉంది. ఈ సీజన్లో పది పెళ్ళిళ్ళకు లైటు పట్టుకో, అదే వస్తుంది” అన్నారు. బావగారి మాట తప్పని నేనక్కడ అనలేకపోయాను, ఎందుకంటే నేను నేర్చుకున్నదీ అలాగే. కానీ ఆ మాట పూర్తిగా ఒప్పూ కాదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ నెమ్మదిగా రాసుకుంటున్నాను.

1990ల మొదట్లో గుంటూరు అరండల్‌పేటలో ఒక స్టూడియోలో నేను మూడేళ్ళు పని నేర్చుకున్నాను. మొదటి ఆరు నెలలు ట్రేలు కడగడం, హైపో కలపడం, గొడుగు లైటు మోయడం, అద్దం దగ్గర దువ్వెనా పౌడరు డబ్బా ఉన్నాయో లేదో చూసుకోవడం, ఇంతే నా పని. ఆ తరువాత డార్క్ రూంలోకి రానిచ్చారు. మా గురువుగారు నెగటివును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని, సన్నగా చెక్కిన పెన్సిలు మొనతో పెళ్ళికూతురి కళ్ళ కింది చారలు మాపేవారు. నెగటివు మీద నలుపు పెరిగిన చోట ప్రింటులో తెలుపు పెరుగుతుంది కాబట్టి, ఆయన పెన్సిలు కదిలిన ప్రతి చోటా రేపటి ఆల్బంలో ఒక నీడ తగ్గేది. ఊపిరి బిగబట్టి చేసే ఆ పనిని ఏ కళాశాల అయినా అంతకన్నా బాగా నేర్పుతుందని నేను అనుకోను. వెలుతురును కంటితో కొలవడం, మనిషి భుజం ఎటు తిప్పితే ముఖం సన్నబడుతుందో చెప్పగలగడం, ఏడుస్తున్న పిల్లవాణ్ణి మూడు సెకన్లలో నవ్వించడం, ఇవన్నీ స్టూడియో చదువులే.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, గురువుగారి పాత కెమెరా అడిగి తీసుకుని మిర్చి కోల్డ్ స్టోరేజీల వైపు వెళ్ళాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని ఎర్రటి రాశుల మధ్య కూర్చుని ఉన్నారు. ఒకావిడ తుమ్ము ఆపుకుంటూ కళ్ళు గట్టిగా మూసుకున్న క్షణంలో ఒక ఫొటో తీశాను. దాన్ని నలుపు తెలుపుల్లో ప్రింటు వేసుకుని, తడి ఆరకముందే గురువుగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, “షార్పుగా ఉందిరా అబ్బాయ్, ఎక్స్‌పోజరు కుదిరింది. మరి ఇదెవరు కొంటారు?” అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఫొటో గురించి మాట్లాడగలిగిన రెండో మనిషి కూడా నాకు తెలిసిన గుంటూరులో లేడు. ఎర్రటి మిర్చి మీద ఎరుపు లేకుండా ఫొటో ఎందుకు తీశావు, ఆవిడ కళ్ళు మూసుకున్నప్పుడే ఎందుకు నొక్కావు, ఆవిడకు చెప్పి తీశావా చెప్పకుండానా, ఇలాంటివి పదేసి ప్రతి మంగళవారమూ నన్ను ఎవరైనా అడిగి ఉంటే నేను ఇంకో వంద ఫొటోలు తీసేవాణ్ణి. అడిగేవాళ్ళు లేక, ఆ ఒక్కదానితో ఆపి పెళ్ళిళ్ళలోకి వెళ్ళిపోయాను. పెళ్ళిళ్ళు నన్ను బాగానే చూసుకున్నాయి, ఆ సంగతి వేరు.

తెలుగులో మనం ఫొటో ‘దిగుతాం’. స్నానాల రేవులోకి దిగినట్టు, వేడుకలోకి దిగినట్టు ఫొటోలోకి దిగుతాం. ఆ క్రియలో కర్త ఫొటో దిగే మనిషే. తీసేవాడు ఒడ్డున ఉండే మనిషి. దిగే సంప్రదాయం మనకు ఎంత గట్టిదో పెళ్ళి వేదికల దగ్గర వరుస చూస్తే తెలుస్తుంది. తీసినదాన్ని పదిమంది కూర్చుని చూసి, తప్పొప్పులు తరచి, వాదించుకునే సంప్రదాయం మాత్రం మనకు ఏర్పడలేదు. నేను తెలుసుకున్నంతలో, కొన్ని దేశాల్లో ఈ రెండో సంప్రదాయాన్ని తయారు చేసి నిలబెట్టినవి కళాశాలలే, అంటే చిత్రలేఖనమూ శిల్పమూ నేర్పే ఆర్ట్ స్కూళ్ళు.

జర్మనీలో డుసెల్డార్ఫ్ కళా అకాడమీ కథ ఇందుకు గట్టి సాక్ష్యం. బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ అనే దంపతులు 1959 నుంచి కలిసి పనిచేస్తూ, మూతపడబోతున్న బొగ్గు గనుల పైచక్రాల కట్టడాలనూ నీటి ట్యాంకులనూ ఇనుము కరిగించే కొలుములనూ ఒకే తీరులో ఫొటోలు తీశారు. మబ్బు పట్టిన ఆకాశం, నీడలు పడని వెలుతురు, ఎదురుగా నిలబెట్టిన పెద్ద కెమెరా, చుట్టుపక్కల మనుషులెవరూ ఉండరు. అలాంటి ఫొటోలు తొమ్మిదో పన్నెండో వరుసలు కట్టి గోడకు పెడితే, నీటి ట్యాంకుల్లోనూ అన్నదమ్ముల పోలికలు కనిపించడం మొదలవుతుంది. 1990లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వాళ్ళకు బహుమతి వచ్చింది శిల్పం విభాగంలో! 1976లో బెర్న్డ్ ఆ అకాడమీలో ఫొటోగ్రఫీ ఆచార్యుడయ్యారు. ఉద్యోగం ఆయన పేరిటే ఉన్నా పాఠం ఇద్దరిదీ. శిష్యులు వాళ్ళ ఇంటికీ వెళ్ళి కూర్చునేవారు. థామస్ స్ట్రూత్, కాండిడా హోఫర్, థామస్ రుఫ్, ఆండ్రియాస్ గుర్‌స్కీ ఆ తరగతిలోనుంచి వచ్చినవాళ్ళే. ఒక చిన్న తరగతిలోంచి ఒక దేశపు ఫొటోగ్రఫీకి గుర్తింపు వచ్చింది. గుర్‌స్కీ 1999లో తీసిన రైన్ నది ఫొటో 2011లో న్యూయార్కు వేలంలో సుమారు 43 లక్షల డాలర్లకు పోయిందని విన్నప్పుడు మా గురువుగారి ప్రశ్న నాకు మళ్ళీ గుర్తొచ్చింది: ఇదెవరు కొంటారు? నది, రెండు గట్లు, మబ్బు. మనిషి లేడు, పడవ లేదు. సీతానగరం రేవు దగ్గర అలాంటి ఫొటో తీసి తెస్తే మా బావగారు రీటేక్ అడుగుతారు.

అయితే మా బావగారికి నేను చెప్పాలనుకున్నది వేలం ధర గురించి కాదు. గుర్‌స్కీ తండ్రి వృత్తిరీత్యా వ్యాపార ప్రకటనల ఫొటోగ్రాఫరు. పిల్లవాడు స్టూడియో వాతావరణంలోనే పెరిగాడు. హిల్లా బెషర్ పోట్స్‌డామ్‌లో ఒక స్టూడియోలో శిష్యరికం చేసి, ఆ తరువాతే డుసెల్డార్ఫ్ అకాడమీకి చదవడానికి వచ్చింది. కాండిడా హోఫర్ కూడా మొదట కొలోన్‌లో ఒక స్టూడియోలో పని నేర్చుకున్న మనిషే. అంటే అక్కడి కళాశాల స్టూడియో చదువును తీసిపారేయలేదు. చేయి తిరిగినవాళ్ళను చేర్చుకుని, ఆ చేతికి ఒక ప్రశ్న ఇచ్చింది. చేయి తిరిగినవాళ్ళు మనకు అక్కడికన్నా ఎక్కువమందే ఉన్నారు, ప్రశ్న ఇచ్చే చోటే లేదు.

ఈ పద్ధతికి ముందున్న కథ జర్మనీలోనే బౌహౌస్ అనే కళా, డిజైన్ పాఠశాలది. 1919లో మొదలైన ఆ పాఠశాలలో ఫొటోగ్రఫీ తరగతి 1929లో గానీ రాలేదు, 1933లో పాఠశాలే మూతపడింది. కానీ అక్కడి ఉపాధ్యాయుడు మొహోలీ నాజ్ 1937లో షికాగోలో కొత్త బౌహౌస్ పెట్టాడు. దాని తరువాతి రూపమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1946 నుంచి హ్యారీ కాలహాన్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు పాఠాలు చెప్పాడు. కాలహాన్ తనకు తాను నేర్చుకున్నవాడు, ఫొటోగ్రఫీ ఏ బడిలోనూ చదవలేదు. అలాంటివాడు ఉపాధ్యాయుడయ్యాక ఆయన శిష్యులు వేరే ఊళ్ళ కళాశాలల్లో ఉపాధ్యాయులయ్యారు. విత్తనం ఒక చోటినుంచి ఇంకో చోటికి ఇలాగే వెళ్ళింది.

జర్మనీ, అమెరికా మాటలు చెబితే “వాళ్ళకు డబ్బుంది” అని కొట్టిపారేసేవాళ్ళకు నేను ఢాకా గురించి చెబుతాను. లండన్‌లో రసాయనశాస్త్రంలో డాక్టరేటు చేసిన షాహిదుల్ ఆలం స్వదేశానికి తిరిగి వచ్చి, 1989లో దృక్ అనే ఫొటో సంస్థనూ, 1998లో ఫొటోగ్రఫీ బడినీ పెట్టాడు. ఆ బడి పేరు పాఠశాల. అదే మాట, మన మాటే. అంతకన్నా సాదా పేరు పెట్టడం ఎవరివల్లా కాదు. బంగ్లాదేశ్ అంటే వరదలూ ఆకలీ మాత్రమే అన్నట్టు బయటివాళ్ళు తీసిన ఫొటోలు చూసి విసిగిపోయి, మన కథ మనం చెప్పుకోవడానికి మన వాళ్ళను తయారు చేయాలన్నది ఆయన పట్టుదల. మూడో ప్రపంచం అన్న మాటను పక్కనపెట్టి, లోకంలో ఎక్కువమంది ఉన్నది మావైపే గనుక మాది ‘మెజారిటీ వరల్డ్’ అని ఆయన వాదించేవాడు. 2000లో ఛోబీ మేళా అనే అంతర్జాతీయ ఫొటో ఉత్సవం మొదలైంది. గ్యాలరీకి రానివాళ్ళ కోసం ఫొటోలను రిక్షా బళ్ళకు కట్టి వీధుల్లో తిప్పారు. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా పోస్టర్ల బండి తిరిగిన రోజులు తెలిసినవాళ్ళకు ఆ ఉపాయం విలువ వేరే చెప్పక్కర్లేదు.

2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి పదకొండు వందల మందికి పైగా బట్టల కర్మాగారాల కార్మికులు చనిపోయినప్పుడు, శిథిలాల్లో ఒకరినొకరు కావలించుకుని చనిపోయిన ఇద్దరి ఫొటో లోకమంతా తిరిగింది. దాన్ని తీసిన తస్లీమా అఖ్తర్ ఆ పాఠశాలలో చదివిన మనిషి, కార్మికుల హక్కుల కోసం పనిచేసే మనిషి కూడా. వార్త కోసం విమానం దిగి వచ్చిన ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోకూ, ఆ కార్మికుల వీధులు తెలిసిన మనిషి తీసిన ఫొటోకూ తేడా ఉంటుంది. ఒక దేశంలో బడి ఉండడం వల్ల ఏమవుతుందని మా మేనల్లుడు అడిగితే ఇదే చూపిస్తాను: కూలినప్పుడు పక్కనే ఉన్న మనిషి చేతిలో కెమెరా, తలలో అంతకుముందు ఏళ్ళ తరబడి జరిగిన వాదనలూ ఉంటాయి.

మనకు ఇది బొత్తిగా కొత్త అనుకోనక్కర్లేదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో పెట్టిన కళాపాఠశాలలో ఆ దశాబ్దంలోనే ఫొటోగ్రఫీ నేర్పారు. మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు లినేయస్ ట్రైప్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన అయ్యాస్వామి ఆ పాఠశాల మనిషే. ఆ ట్రైపే 1858లో మద్రాసు మ్యూజియంలో మన అమరావతి శిల్పాలను ఫొటోలు తీశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసుకు తరలించిన ఆ రాళ్ళు, 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. పాత గుంటూరు జిల్లా రాళ్ళను గుంటూరులో కూర్చుని చూడాలంటే ఈనాటికీ ఆ ఫొటోలే దిక్కవుతాయి.

రాళ్ళకున్న ఆ అదృష్టం మనుషులకు దక్కలేదు. మా గురువుగారు పోయిన రెండేళ్ళకు స్టూడియో అద్దెగది ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, సుమారు నలభై ఏళ్ళ నెగటివులు గోనెసంచుల్లో కట్టి, వెండి తీసేవాళ్ళకు కిలోల లెక్కన అమ్మేశారు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. అరండల్‌పేట, బ్రాడీపేట, కొత్తపేటల్లో రెండు తరాల ముఖాలు, తొలి ఉద్యోగం దరఖాస్తు కోసం చొక్కా అరువు తెచ్చుకుని దిగిన ఫొటోలు, పిల్ల పెళ్ళిచూపుల ఫొటోలు, అన్నీ అలా కరిగిపోయాయి. ఎవరినీ తప్పుపట్టలేను, వాటికి విలువుందని ఆ ఇంటివాళ్ళకు చెప్పగలిగిన సంస్థ ఏదీ లేదు. కళాశాల ఉన్న ఊళ్ళో ఇలాంటి సంచుల కోసం వెతుక్కుంటూ వచ్చే విద్యార్థి ఒక్కడైనా ఉంటాడని నా ఆశ. బరోడా కళావిభాగంలో చదివి అక్కడే పాఠాలు చెప్పిన జ్యోతి భట్, చిత్రకారుడై ఉండి కూడా, మాయమైపోతున్న గుజరాత్ పల్లెల గోడచిత్రాలనూ ముగ్గులనూ ఏళ్ళ తరబడి ఫొటోల్లో భద్రపరిచారు. అది ఆయన మంచితనం మాత్రమే అంటే నేను ఒప్పుకోను. అలా చూడడం అలవాటైన చోట ఆయన పెరిగారు.

మరి మన సంగతి? చిత్రలేఖనంలో మన జిల్లాలకు ఈ అనుభవం ఉంది. 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చట్టోపాధ్యాయ బొమ్మలు వేయడం నేర్పితే, అడివి బాపిరాజు వంటివాళ్ళు వచ్చారు. ఫొటోగ్రఫీకి అలాంటి బడి కృష్ణా తీరంలో పుట్టలేదు. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని లలితకళల కళాశాలలో ఫొటోగ్రఫీలో డిగ్రీ ఉంది. అహ్మదాబాదు ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ళు గాంధీనగర్‌లో ఫొటోగ్రఫీలో పీజీ నడుపుతున్నారు, మన విజయవాడ గాంధీనగర్ కాదు, గుజరాత్‌ది. మేనల్లుడికి నేను చెప్పగలిగిన అడ్రసులు ఇవే.

చెబుతూనే హెచ్చరించాలి కూడా. బడి చేసే చెడుపు బడిదే. డుసెల్డార్ఫ్ పేరు మోగాక లోకమంతటా ఫొటో విద్యార్థులు మబ్బు పట్టిన ఆకాశమూ మనుషులు లేని కట్టడమూ తీసి గోడంత ప్రింట్లు వేయడం మొదలుపెట్టారు. మన దగ్గర ప్రకాశం బ్యారేజీ మీద సూర్యాస్తమయం ఎలాగో అక్కడ నీటి ట్యాంకు అలాగైంది. ఫొటో కింద పెట్టే వివరణలు ఫొటోకన్నా బరువెక్కడం ఇంకో జబ్బు. పైగా రఘురాయ్ చదివింది సివిల్ ఇంజనీరింగు. మహా ఫొటోగ్రాఫర్లకు బడి అవసరం లేదని చెప్పడానికి ఆయన ఒక్కరు చాలు. కానీ మహానుభావులు ఎక్కడైనా మొలుస్తారు. నా బాధ నాలాంటి మధ్యరకం వాళ్ళ గురించి. మంచి ఫొటో ఒక్కటి తీసి, రెండోది తీయడానికి తోడు లేక ఆగిపోయినవాళ్ళ గురించి.

అందుకే నాలుగేళ్ళుగా మేము ఆరుగురం ఒక పని చేస్తున్నాం. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్ళిళ్ళుండవు గనుక ఆ రోజుల్లో మాకు తీరికే తీరిక. గవర్నర్‌పేటలో ఒక కలర్ ల్యాబు పై అంతస్తు గదిలో, కరిజ్మా ఆల్బముల పాత అట్టలన్నీ పక్కకు నెట్టి, చాప తీసేసి, నేల మీద చిన్న ప్రింట్లు పరుస్తాం. ఒక్కటే నియమం: తీసినవాడు అరగంట నోరు తెరవకూడదు. మిగిలినవాళ్ళు ఏం కనిపిస్తోందో చెప్పాలి. బాగుంది, బాగాలేదు అన్న మాటలు నిషిద్ధం. మొదటి ఏడాది ఆ నియమం వల్ల గదిలో ఎక్కువసేపు ఫ్యాను చప్పుడే వినపడేది.

మొన్న మూఢంలో మా మేనల్లుడిని కూడా తీసుకువెళ్ళాను. వాడు గుంటూరు, తెనాలి, రేపల్లెల్లో మూతపడిన, మూతపడబోతున్న స్టూడియోలకు వెళ్ళి, గోడలకు ఇంకా వేలాడుతున్న పాత రంగుల తెరలను ఫొటోలు తీశాడు. తాజ్‌మహల్, జలపాతం, హంసలున్న కొలను, ఎక్కడికీ చేరని మెట్లు. పన్నెండు ప్రింట్లు మూడు వరుసలుగా పరిచి, నియమం ప్రకారం మూలన నిలబడ్డాడు. ఒకరు రంగుల గురించి మాట్లాడారు, ఒకరు ఆ మెట్ల గురించి. చాలాసేపటికి, మాలో డ్రోన్ తిప్పే కుర్రవాడు వంగి, “తెరలన్నిటికీ కింద ఒకే ఎత్తులో రంగు పోయింది, చూశారా?” అన్నాడు. అందరం వంగాం. కొలనులో నీళ్ళ అంచునా, జలపాతం పాదాన, మెట్ల మొదట్లో, నేల మీదికి జారిన గుడ్డ మీద రెండు జానల వెడల్పున రంగు అరిగి నూలు కనిపిస్తోంది. కొన్ని ప్రింట్లలో ఆ చోటు సగం ఫ్రేము అంచున తెగిపోయింది. దశాబ్దాలుగా ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళందరూ నిలబడిన చోటు అది. వాడు ఆ సంగతి గమనించి తీయలేదని వాడి ముఖమే చెబుతోంది, కానీ అరగంట ఇంకా కాలేదు గనుక నోరు తెరవలేదు.

మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం అడిగాడు: “మామయ్యా, రేపు బండి ఇస్తావా? తెనాలి మళ్ళీ వెళ్ళాలి. ఈసారి స్టాండు బాగా కిందకు దించి తీస్తాను.”